రెండు సిజేరియన్ల తర్వాత జారిన పొట్ట: టమ్మీ టక్ చేయించుకోవాలా?

ప్రశ్న కావలి నుంచి వచ్చింది. అడిగినావిడ వయసు 34, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే, చిన్నవాడికి రెండేళ్లు. రెండో కాన్పు నాటికి 88 కిలోలున్న మనిషి తిండి అదుపులో పెట్టి, రోజూ నడిచి 66కి వచ్చారు. మూడు నెలలుగా బరువు అక్కడే ఉంది. "బరువైతే తగ్గింది, బొడ్డు కింద చర్మం మాత్రం వేలాడుతోంది. పెళ్లికి వెళ్తే 'మళ్లీ విశేషమా?' అంటున్నారు. వ్యాయామంతో పోతుందా, టమ్మీ టక్ చేయించుకోవాలా? ఎంతవుతుంది? నెల్లూరులోనా, చెన్నైలోనా? మూడో బిడ్డ సంగతి ఇంకా తేల్చుకోలేదు. అత్తగారేమో బాలింతగా ఉన్నప్పుడు నడికట్టు సరిగ్గా కట్టుకోలేదు కాబట్టే ఇలా అయిందంటున్నారు" అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. సర్జరీ వార్డుల్లో, అందులోనూ ఎక్కువ కాలం ప్లాస్టిక్ సర్జరీ వార్డులో నర్సుగా పనిచేశాను. కొన్నేళ్లు చెన్నైలో, తర్వాత నెల్లూరులో. ఆపరేషన్ ఎలా చేయాలో సర్జన్‌కి తెలుసు. అయ్యాక పేషెంటు మొదటిసారి మంచం దిగేటప్పుడు, ఇంటికి వెళ్లి పది రోజుల తర్వాత నడుం వంచుకుని చెకప్‌కి వచ్చేటప్పుడు ఎలా ఉంటుందో మాకు తెలుసు. నేను చెప్పేది ఎక్కువగా ఆ వైపు నుంచే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి టమ్మీ టక్, అంటే వదులైన పొట్ట చర్మాన్ని కోసి తీసి లోపలి కండరాల్ని బిగించే ఆపరేషన్, మీకు పనికొచ్చేలా ఉంది, కానీ ఇప్పుడు కాదు. మూడో బిడ్డ సంగతి తేలలేదు, బరువు నిలబడి మూడు నెలలే అయింది, ఇంట్లో ఎత్తుకోమనే పిల్లాడున్నాడు. ఈ మూడింటిలో చివరిదాన్ని అందరూ చిన్న విషయం అనుకుంటారు. నా దృష్టిలో అదే పెద్దది, ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు నడికట్టు గొడవ తేల్చేద్దాం. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ పొట్ట మధ్యలో నిలువుగా ఉండే రెండు కండరాలు అటూ ఇటూ జరుగుతాయి. వాటిని కలిపి ఉంచే మధ్య పొర సాగి పల్చబడుతుంది. పైన చర్మమూ సాగుతుంది, దాని లోపలి తంతువులు తెగుతాయి. చారలు పడేది అందుకే. ఎంత సాగింది, ఎంత వెనక్కి వచ్చింది అనేది బిడ్డ ఎంత పెరిగింది, తల్లి ఎంత బరువు పెరిగింది, ఎన్ని కాన్పులు, పుట్టుకతో వచ్చిన చర్మం ఎలాంటిది అన్నవాటి మీద ఉంటుంది. బయట పాత చీర చుట్టి బిగిస్తే లోపలి పొర అతుక్కోదు. నడికట్టు వల్ల నడుముకి ఆసరా ఉంటుంది, సిజేరియన్ తర్వాత లేచి నడిచేటప్పుడు కుట్ల దగ్గర కాస్త ధైర్యంగా ఉంటుంది. అంతవరకే. ఊపిరాడనంత బిగిస్తే ఒత్తిడంతా కిందికి, గర్భసంచి మీదికి పోతుంది, అది మంచిది కాదు. అత్తగారితో వాదన పెట్టుకోమనను గానీ ఆ నింద మాత్రం నెత్తిన వేసుకోకండి.

ఇక పొట్ట. ఎత్తుగా కనబడే ప్రతి పొట్టకీ కారణం ఒకటే అనుకుని నేరుగా ఆపరేషన్ గురించి అడుగుతారు. లోపలి కొవ్వా, పైన కొవ్వా, వదులైన చర్మమా, ఎడమైన కండరాలా, హెర్నియానా (పొట్ట గోడ బలహీనమైనచోట లోపలిది బయటికి తోసుకురావడం) అనేది ముందు తేలాలి. ఒక్కోసారి రెండు మూడు కలిసి ఉంటాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే కొంత చూసుకోవచ్చు.

పొద్దున్నే ఖాళీ కడుపుతో మంచం మీద వెల్లకిలా పడుకోండి. పడుకున్నా పొట్ట పైకే లేచి గట్టిగా ఉందంటే కొవ్వు లోపల, పేగుల చుట్టూ ఉంది. దాన్ని టమ్మీ టక్ ముట్టుకోదు, గొట్టంతో కొవ్వు పీల్చే లైపోసక్షన్ కూడా ముట్టుకోదు. అది తిండితో, నడకతో తగ్గాల్సిందే. అలా కాకుండా పడుకోగానే పొట్ట చదునై, చర్మం పక్కలకు జారి, చేత్తో పట్టుకుంటే మడతలా చేతిలోకి వచ్చేస్తుంటే అది చర్మం, దాని కింది కొవ్వు. ఆపరేషన్ తీసేది దాన్నే.

అలాగే పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చేతి వేళ్లు బొడ్డు మీద అడ్డంగా పెట్టి, తల, భుజాలు కొంచెం పైకి లేపండి. వేళ్ల రెండు పక్కలా కండరాల అంచులు గట్టిగా తగులుతాయి. మధ్యలో ఎన్ని వేళ్లు పట్టాయో చూడండి. బొడ్డుకి పైన, కింద కూడా అలాగే చూడండి. రెండు వేళ్లకు మించి పడుతుంటే, తల లేపినప్పుడు మధ్యలో నిలువుగా గట్టులా ఉబుకుతుంటే, కండరాలు ఎడంగా ఉన్నాయన్నమాట. ఇక నిలబడి దగ్గి చూడండి. బొడ్డు దగ్గరగానీ పాత కుట్టు దగ్గరగానీ ఉండలా ఏదైనా బయటికి వచ్చి, పడుకుంటే లోపలికి పోతుంటే హెర్నియా అనుమానించాలి. రెండు సిజేరియన్లు అయినవాళ్లకు అల్ట్రాసౌండ్ చేయించి ఇది తేల్చుకోకుండా ముందుకు పోవడం తప్పు. హెర్నియా ఉందంటే కథ మొత్తం మారుతుంది, ఖర్చు కథ కూడా.

వ్యాయామంతో పోతుందా అంటే, కండరాల ఎడం చాలామందికి తగ్గుతుంది, చర్మం మాత్రం తగ్గదు. కాన్పు తర్వాత మొదటి కొన్ని నెలల్లో ఎడం దానంతట అదే చాలావరకు పూడుకుంటుంది. మిగిలినదానికి మంచి ఫిజియోథెరపిస్టు దగ్గర మూడు నాలుగు నెలలు లోపలి పొట్ట కండరాల వ్యాయామాలు నేర్చుకుని చేస్తే నడుం నొప్పి తగ్గుతుంది, నిలబడే తీరు మారుతుంది, పొట్ట కొంత లోపలికి పోతుంది. యూట్యూబ్ చూసి రోజుకి వంద సిట్‌అప్‌లు చేయకండి. ఎడం ఎక్కువగా ఉన్నవాళ్లకు సిట్‌అప్ కొట్టినప్పుడల్లా మధ్య పొర ఇంకా ముందుకు తోసుకొస్తుంది. చర్మం సంగతికొస్తే, ఒకసారి తెగిన తంతువుల్ని క్రీములు, నూనెలు, ప్లాస్టిక్ బెల్టులు అతికించలేవు. "ఒక్క సిట్టింగ్‌లో పొట్ట మాయం" అనే ప్రకటనలు ఒంగోలులో చూశాను, నెల్లూరులో చూశాను, వాటికి పోసే డబ్బు పక్కన పెట్టుకున్నా ఆపరేషన్ ఖర్చులో కొంత వస్తుంది. లైపోసక్షన్ కూడా కొవ్వును పీలుస్తుంది తప్ప చర్మాన్ని బిగించదు. వదులు చర్మం ఉన్నవాళ్లకు అదొక్కటే చేస్తే పొట్ట ఇంకా జారినట్టు కనబడుతుంది.

టమ్మీ టక్‌లో ఏం చేస్తారంటే, సిజేరియన్ కోత ఉండేచోటే గానీ ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా పొడవుగా కోస్తారు. చర్మాన్ని, కొవ్వును కండరాల మీద నుంచి పక్కటెముకల దాకా విడదీస్తారు. ఎడమైన కండరాల్ని మధ్యలో పై నుంచి కిందిదాకా కుట్టి దగ్గరకు లాగుతారు, వదులైన నవారు మంచాన్ని మళ్లీ బిగించినట్టు. తర్వాత చర్మాన్ని కిందికి లాగి, ఎక్కువైనదాన్ని, అంటే చాలామందికి బొడ్డు నుంచి కింది భాగమంతా, కోసి తీసేస్తారు. బొడ్డు తన చోటే ఉంటుంది, పైచర్మంలో కొత్త రంధ్రం చేసి బయటికి తెస్తారు. పూర్తి మత్తులో రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. బొడ్డు పైన సమస్య లేనివాళ్లకు చిన్న కోతతో మినీ టక్ అని చేస్తారు. మీరు చెప్పినంత వదులుకు అది చాలదనే అనుకుంటున్నాను.

మీ పాత సిజేరియన్ మచ్చ తీసేసే చర్మంలోనే పోతుంది. బొడ్డు కింది చారలూ దాంతోపాటే పోతాయి, పైన ఉన్న చారలు పోవు, కాస్త కిందికి జరుగుతాయంతే. కొత్త మచ్చ మాత్రం జీవితాంతం ఉంటుంది. మొదటి ఆరు నెలలు ఎర్రగా, ఎత్తుగా ఉండి కంగారు పెడుతుంది. ఏడాది, ఏడాదిన్నరకు చదునై రంగు తగ్గుతుంది. చెవి కుట్టించుకున్నచోట గానీ పాత దెబ్బల మీద గానీ మీకు గడ్డలా లేచే మచ్చలుంటే సర్జన్‌కి ముందే చెప్పండి. ఇంకొకటి, మనవాళ్లకు చీర కింద లంగా నాడా సరిగ్గా నడుం దగ్గర బిగుస్తుంది. కొత్త మచ్చ మీద అది రాసుకుంటే చర్మం మానదు. మూడు నెలల పాటు నైటీలు, వదులు కుర్తాలే దిక్కు అనుకోండి. అందుకే ఇంట్లో పెళ్లి పెట్టుకుని దానికి ముందు ఆపరేషన్ ప్లాన్ చేసుకునేవాళ్లను చూస్తే నాకు భయం.

బొడ్డు కింద నెలల తరబడి స్పర్శ సరిగ్గా ఉండదు, కొందరికి కొంత భాగంలో ఎప్పటికీ రాదు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, మన ఇళ్లల్లో నొప్పి అనగానే వేణ్ణీళ్ల కాపడం పెడతారు కదా, ఆ కాపడం ఈ చర్మం మీద పెడితే కాలుతున్న సంగతి పేషెంటుకి తెలియదు. బొబ్బలు లేచాక చూసుకుంటారు. వేడినీళ్ల సంచి గానీ ఐస్ గానీ పొట్ట మీద పెట్టకండి, ఎవరు ఎంత ప్రేమగా తెచ్చినా సరే.

ఎవరు ఆగాలి అంటే, పాలిస్తున్నవాళ్లు, పాలు మాన్పించి ఆరు నెలలు కానివాళ్లు, బరువు ఇంకా పెరుగుతూ తగ్గుతూ ఉన్నవాళ్లు ఆగాలి. కనీసం ఆరు నెలలు ఒకే బరువు దగ్గర నిలబడాలి. మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 27కి దగ్గరగా ఉంది, అది ఫర్వాలేదు. 30 దాటితే గాయం మానకపోవడం, రక్తం గడ్డకట్టడం వంటి ఇబ్బందులు పెరుగుతాయి కాబట్టి చాలామంది సర్జన్లు తగ్గి రమ్మంటారు. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. తీసేసిన చర్మం, కొవ్వు తూకం వేస్తే కాన్పుల తర్వాత వచ్చేవాళ్లలో చాలామందికి ఒకటి రెండు కిలోలే ఉంటుంది. రక్తహీనత ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, మన దగ్గర ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ పది దాటనివాళ్లు ఎంతమందో. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే రక్తపరీక్ష) అదుపులోకి రావాలి. గర్భనిరోధక మాత్రలు, ఆస్పిరిన్, ఆయుర్వేదం మందులు ఏవి వాడుతున్నా దాచకుండా చెప్పాలి. వాటిలో కొన్ని రక్తం గడ్డకట్టేలా, కొన్ని ఎక్కువగా కారేలా చేస్తాయి. పిత్తాశయానికి పెద్ద కోత ఆపరేషన్ అయి, కుడి పక్కటెముకల కింద ఏటవాలుగా మచ్చ ఉన్నవాళ్లు దాన్ని తప్పక చూపించాలి. పైనుంచి వచ్చే రక్తం దారి అక్కడ తెగి ఉంటుంది.

ఆ రక్తం దారి గురించే పొగాకు సంగతి చెప్పాలి. మనది పొగాకు పండే నేల. ఒంగోలు వైపు ఊళ్లలో చుట్ట, బీడీ మగవాళ్లకే కాదు, పెద్ద వయసు ఆడవాళ్లలో కూడా నమలడం, పీల్చడం ఉంది. టమ్మీ టక్‌లో కిందికి లాగిన చర్మానికి కింది నుంచి, మధ్య నుంచి వచ్చే రక్తనాళాలు తెగిపోయి ఉంటాయి, పైనుంచి, పక్కల నుంచి వచ్చే కొద్దిపాటి రక్తంతోనే అది బతకాలి. నికోటిన్ ఆ సన్న నాళాల్ని ఇంకా బిగిస్తుంది. అప్పుడు కోత మధ్యభాగంలో, బొడ్డు కిందుగా, అంచు ముందు నీలంగా, తర్వాత నల్లగా మారుతుంది. ఆ నల్లబడిన ముక్క కోసి తీసి, వారాల తరబడి డ్రెస్సింగ్ చేస్తాం. సిగరెట్టయినా, ఖైనీ అయినా, గుట్కా అయినా, మానడానికి వాడే నికోటిన్ గమ్ అయినా నికోటిన్ నికోటినే. కనీసం నాలుగు వారాల ముందు, నాలుగు వారాల తర్వాత పూర్తిగా మానాలి. మీకు అలవాటు లేకపోయినా మీవారు ఇంట్లో కాలుస్తుంటే ఆ రోజుల్లో బయటికి పంపండి.

మూడో బిడ్డ సంగతి. టమ్మీ టక్ తర్వాత గర్భం వస్తే సాధారణంగా తల్లికీ బిడ్డకీ ప్రమాదమేమీ కాదు, అలా కన్నవాళ్లున్నారు. కానీ కుట్టిన కండరాలు మళ్లీ సాగుతాయి, చర్మం మళ్లీ వదులవుతుంది, పెట్టిన డబ్బు, పడిన నొప్పి చాలావరకు వృథా. కాబట్టి మీరిద్దరూ కూర్చుని అది తేల్చుకున్నాకే సర్జన్ దగ్గరికి వెళ్లండి. "చూద్దాంలే" అన్నంతవరకు ఆపరేషన్ వద్దు.

ఇప్పుడు ఎత్తుకోమనే పిల్లాడి దగ్గరికి వస్తాను. ఆసుపత్రిలో ఒకటి నుంచి మూడు రోజులు ఉంచుతారు. అదంతా మేం చూసుకుంటాం. మీరు మోయాల్సింది తర్వాతి ఆరు వారాలు. మొదటి వారం పది రోజులు నిటారుగా నిలబడలేరు, ముందుకు వంగే నడవాలి. పడుకున్నా వీపు కింద, మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టే పడుకోవాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు పొట్టకు హత్తుకుని దగ్గాలి. రోజంతా, రాత్రీ కలిపి ఆరు వారాలు బిగుతు బెల్టు లేదా కంప్రెషన్ గార్మెంట్. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే రెండు మూడు వారాలకు వెళ్లొచ్చు. అయిదు కిలోలకు మించి ఏదీ ఎత్తకూడదు. రెండేళ్ల పిల్లాడు పది పన్నెండు కిలోలుంటాడు. నిండు నీళ్ల బిందె అంతకంటే బరువు. గ్యాస్ సిలిండర్ జరపడం, తడి దుప్పట్లు పిండడం, కింద కూర్చుని కూరగాయలు తరగడం, ఇండియన్ టాయిలెట్‌లో కూర్చుని లేవడం, ఇవన్నీ లోపలి కుట్ల మీద పడేవే. పిల్లాడు ఏడుస్తూ చేతులు చాచితే ఏ తల్లి ఆగుతుంది చెప్పండి. వార్డులో "ఎత్తను సిస్టర్, ఒట్టు" అన్నవాళ్లే మూడో వారంలో పొట్ట ఒక పక్క ఉబ్బి వచ్చేవాళ్లు.

కాబట్టి ఇంట్లో ఎవరుంటారో రాసుకోండి. మీ అమ్మగారా, అత్తగారా, ఆడపడుచా? పగలు ఎవరు, రాత్రి ఎవరు? సర్జన్ని కలవడానికి వెళ్లేటప్పుడు అత్తగారిని వెంట తీసుకెళ్లండి. ఆ ఆరు వారాలు ఇల్లు నడపాల్సింది ఆవిడే అయితే "బరువు ఎత్తకూడదు" అన్నది డాక్టరు నోటి నుంచే ఆవిడ వినాలి, కోడలు చెబితే సాకులా ఉంటుంది. చిన్నవాడు బడికి వెళ్లే వయసొచ్చి, తానే మంచమెక్కి మీ పక్కన పడుకోగలిగితే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. నేను ఆగమన్నది ఇందుకే.

పథ్యం కూడా ఇంట్లో గొడవే. ఆపరేషన్ అనగానే గుడ్డు వద్దు, చేపలు వద్దు, పప్పు చీము పట్టిస్తుంది, వంకాయ దురద, చారన్నమే పెట్టాలి అంటారు. అంత పొడవు గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. రోజూ గుడ్లు, పాలు, పెరుగు, పప్పు, ఇష్టమైతే చేపలు, చికెన్ తినాలి. నెల్లూరులో ఉండి చేపలు మానేసి పలచటి చారు తాగుతూ గాయం మానలేదని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. కారం, మసాలా కాస్త తగ్గించండి, అదీ కడుపులో మంట కోసం. మలబద్ధకం రాకుండా నీళ్లు, ఆకుకూరలు, పండ్లు బాగా తీసుకోండి. నొప్పి మందుల వల్ల మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద భారం.

డ్రెయిన్ గురించి ఎవరూ ముందు చెప్పరు. విడదీసిన చర్మం కింద నీరు చేరుతుంది కాబట్టి ఒకటి రెండు సన్నటి గొట్టాలు పెట్టి చివర చిన్న ప్లాస్టిక్ బల్బు తగిలిస్తారు. కొందరు సర్జన్లు లోపలి కుట్లతో డ్రెయిన్ లేకుండానే చేస్తారు. పెడితే మీరు దాంతోనే ఇంటికి వెళ్లాల్సి రావచ్చు. పొద్దున, రాత్రి ఆ బల్బు విప్పి, వచ్చిన నీరు కొలిచి రాసి, మళ్లీ నొక్కి గాలి తీసి మూత పెట్టాలి. మొదట ఎర్రగా వస్తుంది, తర్వాత లేత పసుపు రంగుకి తిరుగుతుంది. రోజు మొత్తానికి 30 మిల్లీలీటర్లలోపు వచ్చేదాకా సాధారణంగా తీయరు, వారం నుంచి రెండు వారాలు పట్టొచ్చు. మళ్లీ ఎర్రగా, ఎక్కువగా వస్తే, వాసన వస్తే ఫోన్ చేయాలి. గొట్టం తీశాక కూడా కొందరికి లోపల నీరు నిలుస్తుంది, నడిస్తే పొట్టలో నీళ్లు కదిలినట్టుంటుంది. ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా వచ్చే ఇబ్బంది అదే, సూదితో తీసేస్తారు, భయపడక్కర్లేదు. ఇన్ఫెక్షన్, లోపల రక్తం చేరడం, మచ్చ రెండు చివరలా చర్మం ముడి తేలడం, రెండు పక్కలూ సమానంగా లేకపోవడం కూడా జరుగుతాయి.

బెల్టు కారణంగా కాలం కూడా చూసుకోండి. పిల్లలకు సెలవులని మే నెలలో చేయించుకుంటారు. నెల్లూరు ఎండల్లో, కరెంటు పోతూ వస్తూ ఉంటే, ఆ బిగుతు బెల్టులో చెమటకి కింద ఒరిసి దద్దుర్లు లేస్తాయి, రెండో వారానికే విప్పి పక్కన పడేస్తారు. తుపాన్ల రోజులు దాటాక డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మన దగ్గర మంచి కాలం.

పిల్లల తర్వాత కాకుండా నలభై యాభై కిలోలు తగ్గినవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గడానికి జీర్ణాశయం మీద చేసే ఆపరేషన్) అయ్యాక పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు ఆగి, బరువు నిలబడ్డాకే ఇది. మీకు చర్మం ముందే కాదు, నడుం చుట్టూ వదులవుతుంది. మామూలు టక్ చాలక నిలువు కోత కూడా పడొచ్చు, లేదా నడుం చుట్టూతా కోయాల్సి రావచ్చు. కోత పెద్దదైనకొద్దీ కష్టాలూ పెద్దవే. ఐరన్, బి12, ప్రొటీన్ తక్కువగా ఉండటం మీలో మామూలు, ముందు పరీక్ష చేయించుకోండి. తొడల దాకా వేలాడే మడత కింద ఎప్పుడూ పుండ్లు పడి, నడవడం కష్టమైనవాళ్లకు కండరాల జోలికి పోకుండా ఆ చర్మం మాత్రం తీసేసే ఆపరేషన్ వేరే ఉంది. దానివల్ల వచ్చే సుఖం అందం కంటే ఎక్కువ.

ఖర్చు. ఆసుపత్రి, ఊరు, ఎంత చేయాలి అన్నదాన్ని బట్టి లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా చెప్పడం మామూలే, చెన్నై పెద్ద ఆసుపత్రుల్లో ఇంకా ఎక్కువ చెప్పొచ్చు. అందం కోసం చేసే సర్జరీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, కొటేషన్‌లో అది కలిపి చెప్పారో లేదో అడగండి. బెల్టులు, మందులు, పరీక్షలు, మచ్చకు వాడే సిలికాన్ జెల్, చెకప్‌లకు తిరిగే ఖర్చు వేరు. అన్నిటికంటే ముఖ్యం, తర్వాత చిన్న సవరణ అవసరమైతే దానికి ఎంత తీసుకుంటారో ముందే కాగితం మీద రాయించుకోండి. అందం కోసం చేయించుకునేది ఎన్టీఆర్ వైద్యసేవలో రాదు, ప్రైవేటు ఇన్సూరెన్స్ పాలసీల్లో కూడా కాస్మెటిక్ సర్జరీ మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. హెర్నియా ఉంటే ఆ రిపేరు వరకు క్లెయిమ్ చేసుకునే వీలుంది, చర్మం తీసిన ఖర్చు విడిగా మీ చేతి నుంచే. "మొత్తం హెర్నియా అని రాసేస్తాం" అనేచోటికి వెళ్లకండి. కాగితంలో అబద్ధం రాసేవాళ్లు మిగతావి నిజం చెబుతారని నమ్మకమేంటి?

నెల్లూరా, చెన్నయా అన్నది రెండో ప్రశ్న, ఎవరు చేస్తారన్నది మొదటిది. ఎంబీబీఎస్, ఎంఎస్ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ చేసినవాళ్లయి ఉండాలి. "కాస్మెటాలజిస్ట్" బోర్డుతో వారాంతపు కోర్సు సర్టిఫికెట్లు గోడకి తగిలించినవాళ్లు వేరు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో చూసుకోవచ్చు, అడిగితే కోప్పడే డాక్టరైతే అక్కడి నుంచే లేచి వచ్చేయండి. మత్తు డాక్టరు రోజంతా ఉంటారా, ఐసీయూ ఉందా, రక్తం దొరుకుతుందా, ఇలాంటివి ఎన్ని చేశారు, ఆరు నెలలు దాటినవాళ్ల ఫొటోలున్నాయా అని అడగండి. నెల రోజుల ఫొటో చూపించి మురిపించేవాళ్లున్నారు. వాపు పూర్తిగా తగ్గడానికే మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఇవన్నీ సరిపోతే నా ఓటు నెల్లూరుకే. కావలి నుంచి గంట ప్రయాణం, అర్ధరాత్రి అనుమానమొచ్చినా చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లొచ్చు.

చెన్నైలోనే చేయించుకుంటే కావలికి సుమారు 230 కిలోమీటర్లు. ఈ ఆపరేషన్‌లో అరుదుగా వచ్చినా ప్రాణం మీదికి తెచ్చేది కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు చేరడం. పొట్ట బిగించి కుట్టి, మనిషి కదలకుండా పడుకుంటే ఆ ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఆపరేషన్ అయిన సాయంత్రమో మర్నాడు పొద్దునో మేం బలవంతంగానైనా లేపి నడిపిస్తాం, తిట్టుకున్నా సరే. డిశ్చార్జి కాగానే కారులో అయిదు గంటలు కాళ్లు ముడుచుకుని రావడం మంచిది కాదు. ఒక వారం అక్కడే ఏదైనా గది తీసుకుని ఉండి, మొదటి చెకప్ చూపించుకుని బయలుదేరండి. దారిలో గంటకోసారి దిగి పది అడుగులు వేయండి, కాలి మడమలు ఆడిస్తూ ఉండండి, నీళ్లు తాగండి. పిక్కలు బిగిసేలా వేసే సాక్సు, రక్తం పలచబడే ఇంజెక్షన్లు మీకు అవసరమా అని సర్జన్ని అడగండి.

ఇంటికొచ్చాక ఒక కాలి పిక్క ఉబ్బి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పోటు వచ్చినా, పొట్ట ఒక పక్క గంటల్లో ఉబ్బిపోయినా చెన్నై డాక్టరుకి వాట్సాప్‌లో ఫొటో పంపి జవాబు కోసం కూర్చోకండి. 108కి ఫోన్ చేసి నెల్లూరులో ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లిపోండి. వెళ్తూ వెళ్తూ సర్జన్‌కి ఫోన్ చేయండి. డిశ్చార్జి సమ్మరీ, వాడుతున్న మందుల చీటీ ఒక కవర్లో పెట్టి మంచం పక్కనే ఉంచుకోండి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.